దూరం నుంచి రోబోను ఏఆర్‌తో నడపడం: హెడ్‌సెట్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. ఆరు జాయింట్ల రోబో చెయ్యి వేరే భవనంలో ఉంది, రెండు కెమెరాలు ఉన్నాయి, ఆపరేటర్ హెడ్‌సెట్ పెట్టుకుని తన చెయ్యి కదిపితే రోబో కూడా అలాగే కదులుతుంది. దూరంగా ఉన్నంతసేపు బాగానే ఉంటోంది కానీ వస్తువు దగ్గరికి రాగానే గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే రోబో చేతి కొస) దాటిపోవడం, వెనక్కి తేవడం, మళ్లీ దాటిపోవడం, అరగంటకే ఆపరేటర్ భుజాలు నొప్పులు, కొందరికి తల తిరగడం. ఇంకా మంచి హెడ్‌సెట్ కొనాలా, లేక కళ్ల ముందు ఇంకా ఎక్కువ సమాచారం చూపించాలా అని అడిగారు.

హెడ్‌సెట్ ఇప్పుడే మార్చకండి, సమాచారం పెంచకండి. దూరంలో ఉన్న రోబోకి ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే కనిపించే దృశ్యం మీద కంప్యూటర్ బొమ్మలు గీసి చూపించడం) నిజంగా పనికొచ్చేది కెమెరా చూపించలేనిది చూపించడంలో. కెమెరా ఎప్పుడూ జరిగిపోయినదాన్నే చూపిస్తుంది, అది కూడా ఆలస్యంగా. ఆపరేటర్‌కి కావాల్సింది రెండే: నేనిచ్చిన కమాండ్‌కి రోబో ఎక్కడికి వెళ్లబోతోంది, తెర మీద గీసిన ఆ బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చు. మీ స్క్రీన్‌షాట్‌లో ఉన్న జాయింట్ కోణాలు, మోటార్ ఉష్ణోగ్రతలు, నెట్‌వర్క్ గ్రాఫులు అన్నీ తీసి పక్కన ఇంకో మానిటర్‌లో పెట్టినా ఆపరేటర్‌కి ఒరిగే నష్టం ఏమీ లేదు.

గ్రిప్పర్ ఎందుకు దాటిపోతోందో ముందు చూద్దాం, ఎందుకంటే చాలా టీములు దీన్ని ఆపరేటర్‌కి అలవాటు లేకపోవడం అనుకుని ట్రైనింగ్ మీద ట్రైనింగ్ ఇస్తూ పోతాయి. మనిషి చెయ్యి కదుపుతాడు, కంటితో చూస్తాడు, తేడా సరిచేసుకుంటాడు. మధ్యలో ఆలస్యం చేరితే కంటికి కనిపించే స్థానం పాతది కాబట్టి, చేరాల్సిన చోటు దాటాక గానీ ఆగాలని తెలియదు. ఎంఐటీలో షెరిడన్, ఫెరెల్ 1963లోనే దీని మీద ప్రయోగాలు చేశారు. ఆలస్యం ఉన్నప్పుడు మనుషులు కొంచెం కదిపి, ఆగి, ఫలితం కనిపించాక మళ్లీ కొంచెం కదిపే పద్ధతికి తమంతట తామే వస్తారని అందులో తేలింది. పని పూర్తవుతుంది కానీ సమయం బాగా పెరుగుతుంది. అంత పెద్ద ఆలస్యం కూడా అక్కర్లేదు. కంప్యూటర్ తెర మీద గురిపెట్టే పనిని మెకెంజీ, వేర్ 1993లో కొలిస్తే 225 మిల్లీసెకన్ల ఆలస్యానికే పట్టే సమయం 64 శాతం పెరిగింది, తప్పులు మూడింతలు దాటాయి. మీ వీడియో ఎన్‌కోడింగ్, నెట్‌వర్క్, డీకోడింగ్, హెడ్‌సెట్ డిస్‌ప్లే, రోబో కంట్రోలర్ స్మూతింగ్ అన్నీ కలిపితే మీరూ ఆ ప్రాంతంలోనే ఉండి ఉంటారు, బహుశా ఇంకా ఎక్కువే. ఊహించకుండా కొలవండి. ఆపరేటర్ చెయ్యి, హెడ్‌సెట్‌లో కనిపించే వీడియో రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి, చెయ్యి కదలడానికీ వీడియోలో రోబో కదలడానికీ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేముకి సుమారు 4 మిల్లీసెకన్లు. హెడ్‌సెట్ లెన్స్ దగ్గర ఫోన్ పెట్టి తీయడం కుదరకపోతే అదే వీడియోను పక్కన మానిటర్‌లో చూపించి తీసినా దగ్గరి అంచనా వస్తుంది.

దీనికి మందు కూడా పాతదే. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో బెయ్చీ, కిమ్, వెనెమా 1990లో దానికి ఫాంటమ్ రోబో అని పేరు పెట్టారు. వచ్చే వీడియో మీదే రోబో గ్రాఫిక్ బొమ్మ ఒకటి గీస్తారు, ఆపరేటర్ చెయ్యి కదపగానే ఏ ఆలస్యం లేకుండా ఆ బొమ్మ కదులుతుంది, అసలు రోబో తర్వాత వచ్చి దాన్ని చేరుకుంటుంది. 1993లో స్పేస్ షటిల్ కొలంబియాలో వెళ్లిన జర్మన్ల రోటెక్స్ ప్రయోగంలో సిగ్నల్ వెళ్లి రావడానికి 5 నుంచి 7 సెకన్లు పట్టేది, అయినా గాలిలో తేలే వస్తువును భూమ్మీది నుంచి పట్టుకోగలిగారు. జరగబోయేదాన్ని ముందే చూపించే గ్రాఫిక్స్‌కి తోడు గ్రిప్పర్ సెన్సర్ల దగ్గరే కొంత తెలివి పెట్టడం వల్ల అది కుదిరింది. ఇవన్నీ ఇప్పటి హెడ్‌సెట్లు లేని రోజుల్లో జరిగాయి. అందుకే హెడ్‌సెట్ సంగతి తర్వాత అంటున్నాను.

మరి ఈ ఫాంటమ్ రోబోను, మన మాటల్లో ఘోస్ట్‌ను, ఎలా కట్టాలి? ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మీ తెర మీద రెండు బొమ్మలు ఉండొచ్చు, వాటికి కాలం వేరు. ఒకటి "వీడియోలోని రోబో ఎక్కడుంది" అనే ఓవర్‌లే, అంటే వీడియోలో కనిపించే గ్రిప్పర్ మీద సరిగ్గా అతుక్కోవాల్సిన ఆకారం. రెండోది "రోబో ఎక్కడికి వెళ్లబోతోంది" అనే ఘోస్ట్. మొదటిదాన్ని తాజా జాయింట్ డేటాతో గీస్తే తప్పు, ఎందుకంటే జాయింట్ డేటా చిన్నది, త్వరగా వచ్చేస్తుంది, వీడియో పెద్దది, వెనకబడుతుంది. అప్పుడు రోబో కదిలినప్పుడల్లా ఓవర్‌లే వీడియోలోని రోబోకంటే ముందుకు జారుతుంది, ఆగాక వచ్చి కూర్చుంటుంది, ఆపరేటర్ దాన్ని క్యాలిబ్రేషన్ లోపం అనుకుంటాడు. కాబట్టి ప్రతి వీడియో ఫ్రేమ్‌కీ అది తీసిన క్షణపు టైమ్‌స్టాంప్ ఉండాలి, జాయింట్ డేటాను బఫర్‌లో పెట్టుకుని ఆ క్షణానికి చెందిన విలువలతో మొదటి బొమ్మ గీయాలి. కెమెరా కంప్యూటర్, రోబో కంట్రోలర్ గడియారాలు ఒకటిగా ఉండాలి, నెట్‌వర్క్ మీద గడియారాలు కలిపే పద్ధతుల్లో ఎన్‌టీపీ కనీసం, వీలైతే ఇంకా ఖచ్చితమైన పీటీపీ. ఘోస్ట్‌ను మాత్రం ఈ క్షణంలో ఆపరేటర్ ఇచ్చిన కమాండ్‌తోనే గీయండి, వీడియో కోసం ఆగొద్దు. రెండింటి మధ్య కనిపించే ఖాళీయే మీ ఆలస్యం. ఆపరేటర్‌కి దాన్ని అంకెల్లో చూపించాల్సిన పని లేదు, ఖాళీ పెరిగితే వాళ్లే నెమ్మదిస్తారు.

ఘోస్ట్ వచ్చాక ఇంకో మార్పు తప్పకుండా చేసి చూడండి. చేతిని రోబో వెంటనే అనుసరించే పద్ధతితో పాటు, ఘోస్ట్‌ను మాత్రమే కదిపి, నచ్చిన చోట పెట్టి, బటన్ నొక్కితే రోబో అక్కడికి వెళ్లే పద్ధతి కూడా ఉంచండి. మధ్య దారిలో ఢీకొంటుందా, ఏదైనా జాయింట్ లిమిట్ దాటుతుందా, సింగులారిటీకి (జాయింట్లు ఒక వరసలోకి వచ్చి చెయ్యి కొన్ని దిశల్లో కదలలేని స్థితికి) దగ్గరవుతుందా అని బటన్ నొక్కకముందే లెక్కవేసి, సమస్య ఉంటే ఘోస్ట్‌లో ఆ జాయింట్‌నే ఎర్రగా చూపించండి. "ప్లానింగ్ ఫెయిల్డ్" అనే మెసేజ్ కంటే మోచెయ్యి ఎర్రబడటం చూస్తే ఎటు తిప్పాలో ఆపరేటర్‌కి అదే క్షణంలో అర్థమవుతుంది. ఏ ఆలస్యానికి ఏ పద్ధతి అని అడిగితే నా అనుభవంలో వంద మిల్లీసెకన్ల లోపు నేరుగా అనుసరించడం హాయిగా ఉంటుంది, అక్కడి నుంచి అర సెకను దాకా ఘోస్ట్ తోడుంటే నెట్టుకు రావచ్చు, సెకను దాటితే గమ్యం చెప్పి పంపడమే మేలు. పని స్వభావాన్ని బట్టి ఇవి మారతాయి. 2001లో న్యూయార్క్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌లోని రోగికి రోబోతో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేసినప్పుడు ఆలస్యం సగటున 155 మిల్లీసెకన్లు, అదీ ప్రత్యేకంగా కేటాయించిన ఫైబర్ లైన్ మీద. అంగారకుడి రోవర్లకైతే సిగ్నల్ ఒక వైపు వెళ్లడానికే 3 నుంచి 22 నిమిషాలు, అక్కడ జాయ్‌స్టిక్ అనే మాటే లేదు, రోజు పనంతా ముందే ప్లాన్ చేసి పంపాలి.

ఇక నమ్మకం సంగతి. ఓవర్‌లే లేకపోతే ఆపరేటర్ జాగ్రత్తగా ఉంటాడు, తప్పుడు ఓవర్‌లే ఉంటే ధైర్యంగా తప్పు చేస్తాడు. అందుకే క్యాలిబ్రేషన్‌కి మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం ఇవ్వండి. కెమెరా దిశలో ఒక్క డిగ్రీ తేడా ఉంటే మీటరు దూరంలో ఓవర్‌లే 17 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. మీ గ్రిప్పర్ వేళ్ల మధ్య ఖాళీతో పోల్చుకోండి. మొదట లెన్స్ డిస్టార్షన్ (లెన్స్ వల్ల బొమ్మలో వచ్చే వంపు) సరిచేయాలి, తర్వాత హ్యాండ్-ఐ క్యాలిబ్రేషన్, అంటే రోబోకీ కెమెరాకీ మధ్య ఖచ్చితమైన స్థానం కనుక్కోవడం, చేయాలి. అందులో రోబో మణికట్టును రకరకాలుగా తిప్పుతూ రీడింగులు తీసుకోవాలి, ఊరికే అటూ ఇటూ జరిపితే సరిపోదు, తిప్పడం లేకపోతే లెక్క తేలదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో వై అక్షం పైకి ఉంటుంది, ఎడమచేతి పద్ధతి. రోబో సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్‌లో జెడ్ పైకి, కుడిచేతి పద్ధతి. ఈ మార్పిడిని కోడ్‌లో ఒకే ఒక్క చోట పెట్టండి, ఎవరికి కావాల్సిన చోట వాళ్లు మైనస్ గుర్తు పెట్టుకుంటూ పోతే ఏ బొమ్మ ఎందుకు తిరగబడిందో ఇక ఎవరూ కనుక్కోలేరు. రోబో బేస్ దగ్గర ఒక ఏప్రిల్‌ట్యాగ్ (కెమెరా గుర్తుపట్టే నలుపు తెలుపు గళ్ల గుర్తు) శాశ్వతంగా అంటించి, సిస్టమ్ మొదలైన ప్రతిసారీ దాన్ని చూసి ఓవర్‌లే తేడా ఎంతో సరిచూసుకునేలా రాయండి. ఎవరో కెమెరా స్టాండ్‌ను తుడుస్తూ కాస్త కదిపారని మీకు తెలిసేది అలాగే. తేడా హద్దు దాటితే ఓవర్‌లేను పూర్తిగా ఆపేయండి. హద్దు లోపల ఉన్నా ఖచ్చితత్వం తగ్గితే గీతను సన్నగా, స్పష్టంగా గీయకుండా మందంగా, మసకగా గీయండి. సన్నటి గీత చూస్తే మనిషి అదే నిజమని నమ్మేస్తాడు, పక్కన ఎన్ని హెచ్చరికలు రాసినా.

లోతు ఇంకో పెద్ద కష్టం. వస్తువు దగ్గర మీ వాళ్ల తడబాటులో సగం దీనివల్లే అయ్యుండొచ్చు, ఎందుకంటే మామూలు వీడియోలో గ్రిప్పర్ వస్తువుకి ముందుందా పైనుందా తెలియదు. గ్రిప్పర్ మొన నుంచి కింది తలం దాకా నిలువుగా ఒక గీత, ఆ గీత తలాన్ని తాకే చోట ఒక చిన్న వృత్తం గీసి చూడండి. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం పెద్దది. "42 మిల్లీమీటర్లు" అని అంకె చూపిస్తే చదవాలి, ఆలోచించాలి, గీత అయితే చూపు పడగానే తెలుస్తుంది. డెప్త్ కెమెరా (దూరాన్ని కూడా కొలిచే కెమెరా) ఉంటే పాయింట్ క్లౌడ్, అంటే అది కొలిచిన చుక్కల త్రీడీ బొమ్మ, కూడా చూపించొచ్చు, ఆపరేటర్ తల తిప్పి పక్క నుంచి చూసుకోవచ్చు. కానీ మెరిసే లోహం, గాజు, పారదర్శక ప్లాస్టిక్ దగ్గర డెప్త్ కెమెరాలు సరిగ్గా చూడలేవు, అక్కడ రంధ్రాలో లేని తలాలో వస్తాయి. రంధ్రాన్ని రంధ్రంగానే వదిలేయండి. అందంగా కనిపించాలని పక్క పాయింట్లతో పూడ్చేసే ఫిల్టర్లను ఇలాంటి పనిలో వాడకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే లేని తలం ఉన్నట్టు కనిపిస్తే రోబో దాని మీద వస్తువు పెట్టడానికి ప్రయత్నిస్తుంది.

భుజాల నొప్పికి హెడ్‌సెట్ బరువు కొంత కారణం, అసలు కారణం చేతులు గాలిలో ఎత్తి ఉంచడం. క్లచ్ పెట్టండి: బటన్ నొక్కినంతసేపే చెయ్యి కదలిక రోబోకి వెళ్తుంది, వదిలితే రోబో అక్కడే ఉంటుంది, ఆపరేటర్ మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించుకుని సౌకర్యంగా ఉన్న చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. స్కేలింగ్ కూడా పెట్టండి, దూరంలో ఒకటికి ఒకటి, వస్తువు దగ్గర చెయ్యి నాలుగు సెంటీమీటర్లు కదిపితే రోబో ఒకటే కదిలేలా. దీనికి తోడు వర్చువల్ ఫిక్స్‌చర్లు ఉన్నాయి, లూయిస్ రోసెన్‌బర్గ్ 1992 ప్రాంతంలో అమెరికా వైమానిక దళం ప్రయోగశాలలో చేసిన పని. నేరుగా దించాల్సిన చోట కమాండ్‌లో పక్కకు వెళ్లే భాగాన్ని సాఫ్ట్‌వేరే తగ్గించేస్తుంది, తెర మీద ఆ దారి ఒక గొట్టంలా కనిపిస్తుంది. ఆపరేటర్ గొట్టం లోపల ఉన్నంతసేపు చెయ్యి కాస్త వణికినా గ్రిప్పర్ వణకదు. గొట్టం నుంచి బయటికి రావడానికి మాత్రం సులువైన దారి ఉంచండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ తప్పు వస్తువును గమ్యం అనుకున్నప్పుడు మనిషి దానితో కుస్తీ పడాల్సి వస్తుంది.

చేతికి బలం తెలిసే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ పెట్టాలా అని కూడా ఒక మాట అడిగారు. మీ ఆలస్యంతో ఇప్పుడే వద్దు. ఆలస్యం ఉన్న లైన్ మీద బలాన్ని నేరుగా తిరిగి పంపితే మొత్తం వ్యవస్థ ఊగిపోయే ప్రమాదం ఉంది. ఆండర్సన్, స్పాంగ్ 1989లో, నీమేయర్, స్లోటీన్ 1991లో దీనికి స్థిరత్వం ఇచ్చే పద్ధతులు చూపించారు కానీ వాటికి బదులుగా చేతికి తెలిసే స్పర్శ మెత్తబడిపోతుంది. గ్రిప్పర్ దగ్గర బలం దిశలో ఒక బాణం గీయండి, బలం పెరిగితే పొడవు పెరిగేలా. కళ్లతో చూసే బలం వ్యవస్థను అస్థిరం చేయదు, మీ పనికి అది చాలు.

నెట్‌వర్క్ గురించి క్లుప్తంగా. కమాండ్లలో తాజాదే ముఖ్యం, క్యూలో నిలబడి ఆలస్యంగా చేరిన పాత కమాండ్‌ను పారేయాలి, కాబట్టి పోయిన డేటాను మళ్లీ పంపి అన్నీ వరసలో చేర్చే టీసీపీ మీద వాటిని పంపొద్దు. వీడియోకి వీడియో కాల్స్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీ లాంటిది వాడండి. ఆలస్యం కాస్త ఎక్కువైనా ఒకేలా ఉంటే మనిషి అలవాటు పడతాడు, క్షణానికోలా మారితే పడలేడు, కాబట్టి చిన్న బఫర్ పెట్టి దాన్ని నిలకడగా ఉంచడం లాభమే. అలాగే ఆపరేటర్ తల తిప్పితే దూరంలోని కెమెరా తిరిగేలా మీరు కట్టినట్టుంది. ఆ ఆలస్యం వల్లే మీ వాళ్లలో కొందరికి తల తిరుగుతోంది. వీడియోను ఎదురుగా స్థిరమైన తెరలా నిలబెట్టి, తల కదలికకు హెడ్‌సెట్ దగ్గరే బొమ్మ మారేలా చేయండి, కెమెరా దాని వేగంలో అది తిరుగుతుంది.

సేఫ్టీలో బేరం ఆడొద్దు. ఎమర్జెన్సీ స్టాప్ అంటే నిజమైన బటన్, రోబో గదిలో ఒకటి, ఆపరేటర్ చేతికి అందేలా ఒకటి, హెడ్‌సెట్‌లో గాలిలో తేలే ఎర్ర బటన్ దానికి బదులు కాదు. దూరం నుంచి నొక్కే బటన్ కూడా నెట్‌వర్క్ మీదే ఆధారపడితే, లైన్ తెగినప్పుడు దానంతట అదే ఆపే ఏర్పాటు ఉండాలి. కమాండ్లు నిర్ణీత సమయంలో రాకపోతే రోబో ఆగేలా వాచ్‌డాగ్ రోబో వైపున ఉండాలి, ఆపరేటర్ కంప్యూటర్‌లో కాదు. హెడ్‌సెట్ నిద్రలోకి వెళ్లినా, చేతిని ట్రాక్ చేయడం పోయినా, క్లచ్ వదిలినట్టే లెక్క. తిరిగి ట్రాకింగ్ వచ్చినప్పుడు రోబో ఒక్కసారిగా కొత్త చోటికి దూకకూడదు, క్లచ్ మళ్లీ నొక్కాకే మొదలవ్వాలి. రోబో దగ్గర మనుషులు ఉండే అవకాశం ఉంటే పారిశ్రామిక రోబోల ప్రమాణాల్లో మాన్యువల్ మోడ్‌కి పెట్టిన సెకనుకు 250 మిల్లీమీటర్ల వేగపు హద్దును రోబో కంట్రోలర్‌లోనే పెట్టేయండి, పై సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా అది దాటకుండా. ఇంకొకటి, లైన్ తెగితే ఉన్నచోటే ఆగడం అన్నిసార్లూ సురక్షితం కాదు. దేనినైనా నొక్కుతూ ఆగిపోతే అలాగే నొక్కుతూ ఉంటుంది, కాబట్టి బలం హద్దు దాటితే మెత్తగా వెనక్కి తగ్గేలా ఉండాలి.

ఇప్పుడు హెడ్‌సెట్ ప్రశ్నకి వద్దాం. అద్దం గుండా బయటి ప్రపంచం నేరుగా కనిపించే హోలోలెన్స్ 2 లాంటివి రోబో మీ కళ్ల ఎదుటే ఉన్నప్పుడు గొప్పగా పనిచేస్తాయి, దాని అసలు శరీరం మీదే దారి గీసి చూపించొచ్చు. కానీ మీ రోబో వేరే భవనంలో ఉంది, ఆపరేటర్ ఎదుట ఉన్నది గోడ. పైగా హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆగిపోయింది, కొత్త ప్రాజెక్టును దాని మీద కట్టడం మంచిది కాదు. మీకు కావాల్సిన ఏఆర్ అంతా దూరం నుంచి వచ్చే వీడియో మీద గీసేదే కాబట్టి ఇప్పుడున్న హెడ్‌సెట్ సరిపోతుంది, నిజానికి మొదటి దశలో మామూలు మానిటర్, చేతిలో కంట్రోలర్ కూడా సరిపోతాయి. ముందు మానిటర్ మీద ఘోస్ట్, నిలువు గీత, క్లచ్ పెట్టి, అదే పనిని ఏ గీతలూ లేని వీడియోతో ఒకసారి, వీటితో ఒకసారి చేయించి చూడండి. సగం మందికి ఒక వరస, మిగతా సగానికి తిప్పి, లేకపోతే రెండోసారి బాగా చేయడం అలవాటు వల్ల వచ్చిందో ఓవర్‌లే వల్ల వచ్చిందో తెలియదు. పట్టిన సమయం, తగిలిన దెబ్బలు, జారిపోయిన వస్తువులు రాసుకోండి, తర్వాత పని ఎంత భారంగా అనిపించిందో కొలవడానికి నాసా 1988లో తెచ్చిన టీఎల్ఎక్స్ ప్రశ్నావళి నింపించండి. ఆరు అంశాలే, ఐదు నిమిషాల పని. "బాగుందా" అని మాత్రం అడగకండి, కొత్త బొమ్మలు కనిపిస్తే అందరూ బాగుందనే అంటారు. మానిటర్ మీద లాభం కనిపించాక హెడ్‌సెట్‌కి మార్చండి, అప్పుడు దానివల్ల అదనంగా వచ్చేది ఎంతో విడిగా తెలుస్తుంది.

మీ రెండో కెమెరా ఎక్కడుందో రాయలేదు. మొదటిది రోబో మణికట్టు మీద ఉందంటే రెండోది రోబో వెనకాల నుంచి చూస్తున్నట్టు పెట్టి ఉంటారని అనుకుంటున్నాను. దాన్ని గ్రిప్పర్ దిగే దారికి అడ్డంగా, పక్క నుంచి కనిపించేలా జరిపి చూడండి, పైన చెప్పిన నిలువు గీత ఆ కోణంలోనే ఎక్కువ ఉపయోగపడుతుంది. జరిపాక క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే. కొలిచిన ఆలస్యం, ఏ వస్తువులు పట్టుకుంటున్నారు, అవి మెరిసేవా కావా అన్నది రాస్తే డెప్త్ కెమెరా విషయంలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.